కొయ్యమేని కారుకు పునర్జన్మ

మోటారు కారు అనగానే మన కన్నుల ముందు ఉక్కు రేకులు మెదలుతాయి. కాని ఈ వాహనం గుర్రపు బండికి వారసురాలు. గుర్రపు బండ్లను నిర్మించిన వడ్రంగులే తొలినాటి కార్లకు పై మేనులను కూడ నిర్మించారు. ఇంజను, ఇరుసులు లోహకారుని పని. మనుషులు కూర్చొనే పెట్టె, తలుపులు, పైకప్పు వడ్రంగి పని. ఈ పాత పొత్తు చాలకాలం చెదరక నిలిచిన వాహనజాతి ఒకటి ఉన్నది. దానినే స్టేషన్ వాగన్ అంటారు. అటువంటి పాత కారు ఒకటి శిథిలమై చేతికి వచ్చినప్పుడు, ఇంటి ఆవరణలోనే దానిని తిరిగి ఎట్లు నిలబెట్టవచ్చునో, ఆ పనిలో అసలు కష్టం ఎక్కడ ఉన్నదో ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాము.

స్టేషన్ వాగన్ పుట్టుక దాని పేరులోనే ఉన్నది. రైలు దిగిన ప్రయాణికులను, వారి పెట్టె బేడలను స్టేషను నుండి ఇంటికో హోటలుకో చేర్చడానికి అమెరికాలో ఏర్పడిన బండి అది. మామూలు కారు చట్రం మీద పొడవైన కొయ్యపెట్టెను అమర్చి దీనిని తయారు చేసేవారు. 1929లో ఫోర్డు సంస్థ తన మోడల్ ఏ కారులో ఈ రకాన్ని పెద్ద ఎత్తున తయారు చేసి అమ్మసాగింది. మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగంలో, ఐరన్ మౌంటెన్ అనే ఊరి సమీపాన ఆ సంస్థకు సొంత అడవులు, కోత మిల్లులు ఉండేవి. అక్కడ మిగిలిన చెక్క ముక్కలను, రంపపు పొట్టును వృథా చేయక బొగ్గు ముద్దలుగా మార్చి అమ్మేవారు.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఈ కొయ్యమేనుల కాలం తీరిపోసాగింది. ఒక్కొక్క మేనుకు వడ్రంగి చేతిపని చాల కావలెను. కొన్న తరువాత కూడ యజమాని ఏటేటా వార్నిషు పూయించవలెను. ఉక్కు రేకును అచ్చులో ఒత్తి మేనును తయారు చేయడం అంతకన్న చౌక. 1946లో విల్లీస్ సంస్థ పూర్తిగా ఉక్కుతో చేసిన స్టేషన్ వాగన్‌ను తెచ్చింది. 1953 నాటి బ్యూక్ వాగన్‌తో అమెరికాలో పెద్ద ఎత్తున తయారైన కొయ్యమేని కార్ల కథ ముగిసింది. ఆ తరువాతి కార్లలో కొందరు ఉక్కు మీదనే కొయ్య చారల బొమ్మ గల పలుచని కాగితము వంటి పొరను అంటించి, పాత సొగసును గుర్తు చేయ ప్రయత్నించారు.

అమెరికా విడిచిన ఈ పద్ధతిని ఇంగ్లండు మరి పద్దెనిమిది సంవత్సరాలు కొనసాగించింది. మేము ఈ వ్యాసానికి ఉదాహరణగా స్వీకరించినది ఆ ఇంగ్లీషు కారునే. దాని పేరు మోరిస్ మైనర్ ట్రావెలర్. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు రూపొందించిన మోరిస్ మైనర్ కారు 1948లో వెలువడింది. అన్ని రకాలూ కలిపి ఆ కార్లు 16 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో వెనుక సగం కొయ్యతో చేసిన ట్రావెలర్ 1953లో వచ్చి, 1971 వరకు, రెండు లక్షలకు పైగా తయారయింది. ఈ వంశం మనకు పూర్తిగా పరాయిది కాదు. మన రోడ్ల మీద దశాబ్దాల పాటు తిరిగి, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారుకు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అది కూడ ఆ మోరిస్ సంస్థదే.

ఈ కారులో ముందు సగం పూర్తిగా ఉక్కు. ముందు సీటు వెనుక నుండి మొదలై చివరి జంట తలుపుల వరకు పక్కగోడల చట్రమంతా యాష్ అనే చెట్టు కొయ్య. నిలువు కంబములు, వాటిని కలిపే అడ్డపట్టెలు, తలుపుల చట్రములు అన్నీ ఆ కొయ్యవే. వాటి నడుమ గాళ్లలో అల్యూమినియం పలకలు, జరిపే అద్దములు ఇమిడి ఉంటాయి. ఉక్కు నేల మీద నిలిచి పైకప్పును మోసేది, తలుపుల భారాన్ని భరించేది ఈ కొయ్యయే. అదే ఇసిగోనిస్ తరువాత రూపొందించిన మినీ కారులో కూడ 1960 నుండి ఇటువంటి రకం ఒకటి వచ్చింది. చూపుకు అది దీని చెల్లెలి వలెనే ఉంటుంది. కాని అందులో కొయ్య పట్టెలు ఉక్కు మేనుపై అంటించిన అలంకారం మాత్రమే. వాటిని ఊడదీసినా కారుకు లోటు లేదు. ట్రావెలర్‌లో కొయ్యను తీసివేస్తే కారు వెనుక సగమే నిలువదు. ఒకదానిలో కొయ్య నగ, మరొకదానిలో ఎముక. పునరుద్ధరణకు పూనుకొనేవారు మొట్టమొదట గ్రహించవలసిన సత్యం ఇదే. తక్కిన పద్ధతులన్నీ దీని నుండి పుట్టినవే.

ఇన్ని చెట్లుండగా యాష్ కొయ్యనే ఎందుకు ఎన్నుకున్నారు? మన విద్యార్థులలో క్రికెట్ ఆడనివారు అరుదు. స్టంపులను సాంప్రదాయికంగా చేసేది యాష్ కొయ్యతోనే. గొడ్డళ్లకు, సుత్తులకు పిడులు చేసేది కూడ దీనితోనే. కారణం ఒక్కటే: దెబ్బ తగిలినప్పుడు అది పగులక కొంత వంగి, మరల నిటారు కాగలదు. గుంతల రోడ్డు మీద ఊగే బండికి ఇంతకంటె తగిన గుణం లేదు. కాని ఈ కొయ్యకు ఒక పెద్ద లోపమున్నది. తడికి అది ఏమాత్రం ఓర్వలేదు. టేకులో సహజంగా ఉండే రక్షణ దీనిలో లేదు. కలపను కుళ్లించే శిలీంధ్రము బ్రతుకవలెనంటే కొయ్యలో తేమ సుమారు నూటికి ఇరవై పాళ్లు దాటవలెను. అంతకు లోపల ఉన్నంతవరకు కొయ్య వందల సంవత్సరాలైనా నిలుస్తుంది. దాటి, అక్కడే నిలిచిపోతే కొద్ది సంవత్సరాలలోనే చివికిపోతుంది. కాబట్టి ఈ కారుకు శత్రువు వయస్సు కాదు, నిలిచిన నీరు.

నీరు ఎక్కడ నిలుస్తుందో తెలిసినవానికి రోగం ఎక్కడ ఉన్నదో వెదకనక్కరలేదు. జరిపే అద్దముల కింది గాడి మొదటి చోటు. దానిలో దుమ్ము చేరి, నీరు పోయే రంధ్రములు పూడుకొని, కొన్ని కార్లలో పచ్చని నాచు మొలకెత్తి ఉంటుంది. చూచేవారికి అది ముచ్చటగా తోచవచ్చును గాని, కింది కొయ్య కుళ్లుతున్నదనడానికి అది సాక్ష్యం. రెండవది అడుగున ఉక్కు నేలను తాకి ఉండే పట్టె. మూడవది కంబముల అడుగు కొసలు. నాలుగవది వెనుక తలుపుల కింది అంచులు. అతుకుల చుట్టూ నల్లని మరక కనిపించినచోట నీరు లోపలికి దిగినదని అర్థం. మరలు తుప్పు పట్టినప్పుడు కూడ వాటి చుట్టూ అట్టి నలుపే ఏర్పడుతుంది.

పరీక్షకు ఖరీదైన పరికరములు అవసరం లేదు. స్క్రూడ్రైవరు పిడితో కొయ్యను పొడవునా తట్టుతూ పోవలెను. గట్టి కొయ్య ఖంగుమంటుంది. చివికినది బోలుగా, మందంగా పలుకుతుంది. అనుమానం కలిగినచోట సన్నని మొనతో నొక్కి చూడవలెను. గట్టి కొయ్య మొనను తిప్పికొడుతుంది. మొన సులభంగా దిగిపోతే పైన వార్నిషు ఎంత మెరుస్తున్నా లోపల కొయ్య లేనట్లే. ఇక్కడనే కొనుగోలుదారులు మోసపోయేది. చివికిన చోటును లప్పంతో పూడ్చి, పైన కొయ్య రంగు వేసి, వార్నిషు దిద్దితే కొద్దికాలం కంటికి తేడా తెలియదు. లప్పం భారం మోయదు. పైగా అది నీటిని లోపలనే బంధించి, చుట్టుపక్కల మంచి కొయ్యను కూడ చెరుస్తుంది.

ఇక పని క్రమాన్ని చూతము. మొదట చూడవలసినది కొయ్య కాదు, దాని కింది ఉక్కు. నేల రేకు, వెనుక కమానులను పట్టి ఉంచే చోట్లు తుప్పు తినివేసి ఉంటే, వాటిని సరిచేసిన తరువాతనే కొయ్య జోలికి పోవలెను. పునాది కుంగిన ఇంటికి కొత్త ద్వారబంధం ఎత్తినందువలన ప్రయోజనమేమి? ఈ పనిలో కారు కింద దూరవలసినప్పుడు ఒక్క జాకీని నమ్ముకొనరాదు. గట్టి ఇనుప స్టాండుల మీద బండిని నిలిపిన తరువాతనే కిందికి దిగవలెను.

తరువాత కొలతలు. ఒక్క మరను విప్పక ముందే ప్రతి అతుకును ఫోటో తీయవలెను. తలుపుల సందులు, కంబముల మధ్య దూరములు, మూల నుండి మూలకు కొలతలు నోటుపుస్తకంలో వ్రాసుకొనవలెను. పైకప్పుకు లోపలినుండి తాత్కాలికమైన ఊతకర్రలు పెట్టవలెను. రెండు పక్కల గోడలనూ ఒకేసారి విప్పరాదు. ఒక పక్క విప్పినప్పుడు రెండవ పక్క కొలమానంగా నిలుస్తుంది. రెండూ విప్పినవానికి ఏది నిటారో చెప్పే సాక్షి ఉండదు. ఇంటి వద్ద పని ప్రారంభించినవారిలో అనేకులు ఇక్కడనే తొందరపడతారు. విప్పడం ఒకనాటి పని, బిగించడం కొన్ని నెలల పని.

విప్పిన ముక్క ఎంత చివికినా పారవేయరాదు. కొత్త ముక్కకు అదే నమూనా. వంపు, గాడి లోతు, మరల రంధ్రముల స్థానం అన్నీ అందులోనే ఉన్నాయి. కొత్త కొయ్యను ఎన్నుకొనేటప్పుడు పోగు నిటారుగా సాగినదాన్ని, కణుపులు లేనిదాన్ని చూడవలెను. పచ్చికొయ్య పనికిరాదు, అది ఆరుతూ మెలి తిరిగి అతుకులను విరుస్తుంది. అంగుళం మందానికి ఒక సంవత్సరం చొప్పున గాలికి ఆరనివ్వడం ఇంగ్లండు వడ్రంగుల వాడుక. ఈ కొయ్య కూడ ఇప్పుడు మునుపటంత సులభం కాదు. యాష్ చెట్లను ఎండగొట్టే ఒక శిలీంధ్రవ్యాధి 2012లో బ్రిటనులో బయటపడి, ఆ దేశమంతటా వ్యాపించింది. కాబట్టి మంచి ముక్కను వృథా చేయడం ఉభయత్రా నష్టం.

పట్టె అంతా చెడినప్పుడు దానిని పూర్తిగా మార్చవలెను. కొస మాత్రమే చెడినప్పుడు, మంచి కొయ్య కనిపించేవరకు కోసి, కొత్త ముక్కను అతకవచ్చును. అయితే రెండు ముక్కల కొసలను మొండిగా ఆనించి జిగురు పెడితే అది నిలువదు. కొయ్య పోగు కొసలు జిగురును పట్టవు. రెంటినీ ఏటవాలుగా కోసి, ఒకదానిపై ఒకటి పరుండునట్లు అతకవలెను. అంగుళం మందానికి ఎనిమిది అంగుళాల వాలు ఉంటే అతుకు నమ్మదగినది. మూలలలో కుసి అతుకును ఉన్నది ఉన్నట్లుగా తిరిగి చేయవలెను. కుసులు ఊడిన మంచం ఎట్లు ఊగుతుందో మనలో ప్రతివారికీ తెలుసు. వదులు కుసుల మీద నడిచే కారు గతి అంతే. జిగురు నీటికి కరుగనిదై ఉండవలెను. ఎపాక్సీ గాని, ఓడ పనులలో వాడే రిసార్సినాల్ గాని ఇందుకు తగినవి. బిగించిన క్లాంపులను జిగురు పూర్తిగా గట్టిపడేవరకు విప్పరాదు. అల్యూమినియం పలకలను గాళ్లలో తిరిగి అమర్చేటప్పుడు నీరు చొరనీయని మెత్తని ముద్దను నింపవలెను. గాడిలో నీరు చేరితే చేసిన పని అంతా మొదటికి వస్తుంది.

గట్టిగా ఉండి మరక మాత్రమే పట్టిన కొయ్యను మార్చనవసరం లేదు. ఆక్సాలిక్ ఆమ్లపు ద్రావణంతో నలుపు చాలవరకు తొలగుతుంది. అది విషము. చేతి తొడుగులు లేక ముట్టరాదు. నీటితో బాగుగా కడిగి ఆరబెట్టిన తరువాతనే గరుకు కాగితంతో రుద్దవలెను. కడుగక రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరుతుంది. కాగితమును ఎప్పుడును పోగు వెంటనే నడపవలెను, అడ్డముగా కాదు.

చివరిది పూత. పై మెరుపే పూత ప్రయోజనమని చాలమంది అనుకొంటారు. దాని అసలు ప్రయోజనం నీటిని ఆపడం. కొయ్య పక్కల కంటె కొసల నుండి అనేక రెట్లు వేగంగా నీటిని పీలుస్తుంది. కాబట్టి ముక్కలను కలుపక మునుపే, తరువాత కంటికి కనిపించని కొసలకు, గాళ్లకు, మరల రంధ్రములకు పూత వేయవలెను. కనిపించే ముఖానికి పది పూతలు వేసి, కనిపించని కొసను వదిలివేసినవాడు శ్రమను నీటిపాలు చేసినవాడే. ఎండ తాకిడికి వార్నిషు కింద కొయ్య పైపొర క్రమంగా బలహీనపడి, వార్నిషు పగులుతుంది. ఆ సన్నని పగులులో నుండి దిగిన నీరు తిరిగి వెలుపలికి రాలేదు. అందుచేత గాలి ఆడే పలుచని పూతలను వేసి, సంవత్సరానికొకసారి చూచి దిద్దడం మేలు. నూనె పూత వేసేవారికి ఒక హెచ్చరిక: అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడవేస్తే అవి తమంతట తామే వేడెక్కి మండిపోగలవు. వాటిని పరచి ఆరవేయడమో, నీటిలో ముంచి ఉంచడమో చేయవలెను.

ఇంత చేసిన తరువాత ఒక ప్రశ్న మిగులుతుంది. ముక్క వెంట ముక్క మార్చుకొంటూ పోగా, కొయ్య అంతా కొత్తదైనప్పుడు అది ఆ పాత కారేనా? ఉర్దూ మన భాషకు ఇచ్చిన మాటలలో అసలు, నకలు అనే జంట ఒకటి ఉన్నది. మరమ్మతు అనే మాట మరొకటి. మరమ్మతు అసలుకు చేసేది. అది హద్దు మీరితే నకలు మిగులుతుంది. హద్దు ఎక్కడ? ఈ కారు విషయంలో మా సమాధానం ఇది. భారం మోయలేని ముక్కను, అది ఎంత పాతదైనా, నిర్దాక్షిణ్యంగా తీసివేయవలెను. భారం మోయగల ముక్కను, అది ఎంత వికారంగా ఉన్నా, నిలుపుకొనవలెను. అందం కొరకు మంచి కొయ్యను మార్చడం గత చరిత్రకు చేసే అన్యాయం. ప్రేమ కొద్దీ చెడిన కొయ్యను ఉంచడం అందులో ప్రయాణించేవారికి చేసే అన్యాయం. ఏది మార్చినామో, ఏ సంవత్సరంలో మార్చినామో వ్రాసిపెట్టడం వలన ముందు వచ్చేవారికి అసలు ఏదో, నకలు ఏదో తెలుస్తుంది.

ఈ న్యాయాన్ని ఒకప్పుడు ప్రభుత్వం చూచేది. బ్రిటనులో 1960లో పాత వాహనములకు వార్షిక పరీక్ష ఏర్పడింది. ట్రావెలర్ కొయ్యచట్రంలోని కుళ్లును అక్కడ ఉక్కులోని తుప్పు వలెనే పరిగణించేవారు. భారం మోసే చోట అది ఉంటే కారు పరీక్షలో తప్పేది. 2018 నుండి, పెద్ద మార్పులకు లోనుగాక నలభై సంవత్సరాలు దాటిన వాహనములకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. చివరి ట్రావెలర్ 1971లో తయారైనది గనుక ఆ జాతి అంతా ఆ వయస్సును దాటినదే. వాహనం భద్రంగా ఉండవలెనన్న బాధ్యతను మాత్రం చట్టం యజమాని మీద నుండి తీసివేయలేదు. ఏటేటా మొనతో నొక్కి చూచే పరాయి చేయి ఇప్పుడు లేదు. కోరి పరీక్షకు తీసుకొనిపోయే యజమానుల సంగతి వేరు. తక్కినవారి విషయంలో, వార్నిషు కింద ఏమున్నదో తెలిసినది ఆ వార్నిషు పూసినవానికే. వెనుక సీటులో కూర్చొనే పిల్లలకు అది తెలియదు.

మన విద్యార్థులలో ఈ కారును ముట్టుకొని చూచే అవకాశం కొందరికే కలుగవచ్చును. కాని పాత తలుపో, తాతల నాటి మంచమో, గ్రంథాలయంలోని అలమారో మరమ్మతుకు వచ్చినప్పుడు ఈ క్రమమే వర్తిస్తుంది. మొదట తట్టి చూడండి. నీరు ఎక్కడ నిలుస్తున్నదో కనుగొనండి. విప్పక ముందు కొలవండి. పాత ముక్కను నమూనాగా దాచండి. ఎవరికీ కనిపించని కొసకు మొదటి పూత వేయండి. రంగు డబ్బా మూత తీయడం వీటన్నిటి తరువాతి పని.